కాగితం మీద మన పేరెక్కడ?

మా దగ్గరి ఒక మునిసిపాలిటీలో చెత్తబండి మీద పనిచేసే తమ్ముడొకడు ఈ మధ్య చనిపోయాడు. ఇంకా తెల్లారలేదు. బండి వెనక నిలబడి పోతున్నాడు. వెనక నుంచి లారీ వచ్చి గుద్దింది. అక్కడికక్కడే ప్రాణం పోయింది. పదకొండేళ్ళుగా అదే పని, అవే వీధులు. ఊరు నిద్ర లేవకముందే ఊరి మురికి ఎత్తి పోసినవాడు.

మాదిగవాడ మొత్తం కదిలి ఆఫీసు ముందు కూచుంది. పెద్ద ఆఫీసరు బయటికొచ్చి "ఇతను మా మనిషి కాదమ్మా, కాంట్రాక్టరు మనిషి" అన్నాడు. కాంట్రాక్టరు దగ్గరికి పోతే "నా కింద రెండు నెలలే చేశాడు, అంతకు ముందు సంగతి నాకేం తెలుసు" అన్నాడు. ఇఎస్ఐ ఆఫీసుకి పోతే కంప్యూటరు చూసి "ఈ పేరు మీద ఎవరూ లేరు" అన్నారు. పదకొండేళ్ళలో నలుగురు కాంట్రాక్టర్లు మారారు. నలుగురూ నెలనెలా జీతంలోంచి "ఇఎస్ఐకి, పిఎఫ్‌కి" అంటూ డబ్బు కోశారు. ఎంత కోశారో, ఎక్కడ కట్టారో చెప్పే కాగితం ముక్క ఇంట్లో ఒక్కటి లేదు.

ఆ తమ్ముడి భార్య ఒక మాట అన్నది. "రోజూ పొద్దున్నే వేలిముద్ర ఏసేవోడయ్యా. ఆ వేలిముద్రలన్నీ ఏడికి బోయినయ్?"

ఈ సంపాదకీయం ఆ ప్రశ్నకు జవాబు వెతికే ప్రయత్నం.

మనకూ కాగితానికీ ఉన్న వైరం ఇవ్వాళ్టిది కాదు. మన తాతలు దున్నిన భూమి కరణం పుస్తకంలో ఇంకొకడి పేరు మీద ఉండేది. చెరువు కింద నీళ్ళు కట్టింది మనం, నీటి తీరువా రసీదు దొరది. "కరణం రాసిందే రాత" అని మనవాళ్ళు తలరాతతో సమానంగా చెప్పుకున్నారు. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణాల పదవులు రద్దు చేస్తే ఆ పుస్తకం పీడ పోయిందనుకున్నాం. పోలేదు. చేతులు మారింది. ఇప్పుడది కాంట్రాక్టరు మస్టరు పుస్తకం. అప్పుడు భూమి మీద మన పేరు లేకుండా చేశారు. ఇప్పుడు మన ఒంటి చాకిరీ మీద మన పేరు లేకుండా చేస్తున్నారు.

చట్టం లేదా అంటే, ఉంది. ఎప్పటినుంచో ఉంది. బాబాసాహెబ్ అంబేద్కర్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో లేబరు మెంబరుగా ఉన్నారు. ఆ కాలంలోనే, 1943లో, కార్మికుల ఆరోగ్య బీమా మీద ప్రొఫెసర్ బి.పి. అదార్కర్‌ని నియమించారు. 1944లో ఆయన నివేదిక ఇచ్చాడు. దాని పునాది మీదే 1948లో ఇఎస్ఐ చట్టం వచ్చింది. 1952లో కాన్పూరులో, ఢిల్లీలో మొదట అమలయింది. అదే ఏడు ప్రావిడెంట్ ఫండు చట్టం కూడా వచ్చింది. అంతకు ముందే, 1935లో, బొంబాయి మునిసిపల్ కార్మికులకు సంఘం పెట్టినవారు కూడా బాబాసాహెబే. అంటే చీపురు పట్టిన చేతికి మందు, పింఛను ఉండాలన్న ఆలోచన పైనుంచి ఎవరో జాలిపడి ఇచ్చింది కాదు. మనవాడు కూచున్న కుర్చీలోంచి కూడా వచ్చింది.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడంటారు. ఇక్కడ పూజారి ఎవడో, వాడు ఏం దాచాడో లెక్క చూద్దాం.

నెలకు 12 వేల జీతం అనుకోండి. 2019 జూలై నుంచి ఉన్న రేటు ప్రకారం ఇఎస్ఐకి కార్మికుడి వాటా నూటికి ముప్పావలా రూపాయి. అంటే 90 రూపాయలు. యజమాని వాటా నూటికి మూడుంబావు. అంటే 390 రూపాయలు. ఈ 480 రూపాయలు కట్టి పేరు రాస్తే వచ్చేదేమిటి?

జ్వరమో, జబ్బో వచ్చి పనికి పోలేకపోతే రోజు కూలిలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా. రోజుకి 400 కూలి అయితే 280. మొత్తం 25,480 రూపాయలు. ఆడమనిషి కాన్పుకి పోతే 26 వారాలు పూర్తి కూలి. అంటే 182 రోజులకు 72,800 రూపాయలు. పనిలో దెబ్బ తగిలి మంచాన పడితే కోలుకునేదాకా 90 శాతం. పనిలో ప్రాణం పోతే ఆ 90 శాతం కుటుంబానికి నెలనెలా పింఛను. ఇంటిల్లిపాదికీ వైద్యం. మన తమ్ముడి ఇంటికి నెలకు దాదాపు 10,800 రావాలి. పిల్లలు చదువుకోవాలి. ఇదంతా ఒక పేరు, ఒక నంబరు మీద ఆధారపడి ఉంది. 90 రూపాయలు కోసుకుని ఆ పేరు రాయని కాంట్రాక్టరు దొంగిలించింది 90 రూపాయలు కాదని ఇప్పుడు అర్థం కావాలి.

పిఎఫ్ సంగతీ అంతే. కార్మికుడి జీతంలో 12 శాతం, యజమాని దగ్గర్నుంచి 12 శాతం. యజమాని వాటాలోంచే పింఛనుకు కొంత పోతుంది. పదేళ్ళ సర్వీసు కాగితం మీద ఉంటే 58 ఏళ్ళకు పింఛను వస్తుంది. పిఎఫ్ ఉన్న మనిషి సర్వీసులో చనిపోతే బీమా కూడా ఉంది. పదకొండేళ్ళు పనిచేసిన మన తమ్ముడికి కాగితం మీద పదకొండు నెలలు కూడా లేకపోవడం యాదృచ్ఛికం కాదు.

ఇప్పుడు దొంగతనం ఎలా జరుగుతుందో చూద్దాం. సంఘాల్లో తిరిగే కార్యకర్తలు ఇది బాగా తెలుసుకోవాలి. తెలియకపోతే ఆఫీసులో మాట్లాడలేరు.

మొదటిది, రోజుల దొంగతనం. జబ్బు సాయం రావాలంటే ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా కట్టి ఉండాలి. నెలకు 13 రోజులు లెక్క. కాంట్రాక్టరు నెలంతా పని చేయించుకుని మస్టరులో 12 రోజులే వేస్తాడు. ఆరు నెలలకు 72. ఆరు రోజులు తక్కువ. అంతే, మనిషి రోగమొచ్చి పడుకుంటే చేతికి రూపాయి రాదు. జీతం మాత్రం "అడ్వాన్సు" అనో, "ఇన్సెంటివు" అనో వేరే రాసి మొత్తం ఇస్తాడు. కాబట్టి మనకు అనుమానం రాదు. ఈ 12కూ 13కూ మధ్య ఉన్న ఒక్క రోజు మన నోటి కూడు. పనిలో దెబ్బ తగిలితే మాత్రం ఈ రోజుల లెక్క లేదు. చేరిన మొదటి రోజే దెబ్బ తగిలినా హక్కు ఉంటుంది. ఇది గుర్తు పెట్టుకోండి.

రెండోది, చలానా దొంగతనం. మునిసిపాలిటీ బిల్లు పాస్ చేయాలంటే ఇఎస్ఐ, పిఎఫ్ కట్టిన చలానా పెట్టమంటుంది. కాంట్రాక్టరు పెడతాడు. చలానా నిజమైనదే, డబ్బూ కట్టిందే. కానీ ఎవరి పేర్ల మీద? తన బామ్మర్ది, తన ఇంటి డ్రైవరు, ఇంకో ఊళ్ళో ఇంకో కాంట్రాక్టు కూలీలు. ఆఫీసులో కూచున్నవాడు మొత్తం అంకె చూస్తాడు గాని పేర్ల జాబితా చూడడు. చూడకపోవడానికి కూడా ధర ఉంటుంది. కాబట్టి చలానా చూసి సంతోషపడొద్దు. చలానాతో పాటు జతచేసే పేర్ల జాబితా అడగాలి. అందులో మన పేరు, మన నంబరు, మన రోజులు ఉన్నాయా చూడాలి.

మూడోది, వాటా దొంగతనం. యజమాని కట్టాల్సిన మూడుంబావు శాతం, 12 శాతం కూడా మన జీతంలోంచే కోస్తారు. "రెండు వైపులా కట్టాలి గదా" అని చెబుతారు. రెండు వైపులా అంటే మన కుడి జేబు, ఎడమ జేబు కాదు. యజమాని వాటాను కూలీ జీతంలోంచి కోయడం నేరం. మన వాటా కోసుకుని కట్టకుండా మింగితే మూడేళ్ళ దాకా జైలు ఉంది.

నాలుగోది, నంబరు దొంగతనం. కాంట్రాక్టరు మారినప్పుడల్లా కొత్త నంబరు. పాత సర్వీసు పాత నంబరులోనే చచ్చిపోతుంది. పదేళ్ళ పింఛను లెక్క ఎప్పటికీ నిండదు. 2014 నుంచి పిఎఫ్‌కి మనిషికొకటే 12 అంకెల నంబరు, చచ్చేదాకా అదే. ఇఎస్ఐకీ 10 అంకెల నంబరు ఒకటే. ఎవడు కొత్త కాంట్రాక్టరుగా వచ్చినా "నా పాత నంబరే వెయ్యి" అని పట్టుబట్టాలి.

అయిదోది పేరు. ఆధార్లో మైసమ్మ, బ్యాంకులో మైసవ్వ, మస్టరులో మైసి. మనల్ని "ఏమే, ఒరేయ్" అని పిలిచే అలవాటు మస్టరులోకి కూడా ఎక్కింది. మనిషి పేరు నిండుగా రాయడానికి చెయ్యి రాని సూపర్‌వైజరు వల్ల రేపు భర్త చనిపోయిన ఆడది "ఈ మైసీ, ఆ మైసమ్మా ఒకరే" అని రుజువు చేసుకోవడానికి ఆర్నెల్లు తిరగాలి. నిండు పేరు రాయించుకోవడం ఆత్మగౌరవం విషయమని మనం ఎప్పుడూ అంటున్నాం. అది అన్నం విషయం కూడా.

"ఈ కాగితాల గోలంతా చదువుకున్నోళ్ళ యవ్వారం, మనకెందుకు, పోరాటం చేద్దాం పాండి" అనే అన్నలు మనలో ఉన్నారు. వాళ్ళకో దూరదేశం సంగతి చెప్పాలి. అమెరికాలో సౌత్ బెండ్ అనే ఊళ్ళో స్టూడ్‌బేకర్ అని కార్ల ఫ్యాక్టరీ ఉండేది. 1963 డిసెంబరులో మూసేస్తున్నామన్నారు. అందులో ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళకు పింఛను మాట ఇచ్చి ఉన్నారు. తీరా చూస్తే నిధిలో డబ్బు లేదు. సుమారు నాలుగు వేల మందికి రావాల్సినదాంట్లో 15 శాతం దాకా వచ్చింది. ఇంకా చిన్న వయసువాళ్ళకు ఏమీ రాలేదు. ఆ దెబ్బతో దేశమంతా గోల లేచింది. 1974లో చట్టం చేశారు. ఆ చట్టం పింఛనుకే కాదు, యజమాని పెట్టే ఆరోగ్య పథకానికి కూడా వర్తిస్తుంది.

ఆ చట్టంలో మనం పట్టుకోవాల్సిన సంగతులు మూడున్నాయి. పథకం నోటిమాటగా ఉండకూడదు, రాతలో ఉండాలి. దాని సారాంశం మామూలు కార్మికుడికి అర్థమయ్యే మాటల్లో రాసి, పథకంలో చేరిన 90 రోజుల్లోపల చేతికివ్వాలి. కార్మికుడు రాసి అడిగితే 30 రోజుల్లో కాగితాలు ఇవ్వాలి, లేకపోతే రోజుకు 110 డాలర్ల దాకా కోర్టు జరిమానా వేయొచ్చు. ఇంగ్లీషు రాని కార్మికులు తగినంతమంది ఉన్న చోట, వాళ్ళ భాషలో సాయం దొరుకుతుందని వాళ్ళ భాషలోనే రాసి పెట్టాలి. మన తెలుగు పిల్లలు అక్కడి కంపెనీల్లో చేరితే ఆరోగ్య పథకం పుస్తకం చేతికొస్తుంది. ఇక్కడ వాళ్ళ ఊరి వీధి ఊడ్చే అమ్మకు జీతం చీటీ కూడా రాదు.

అమెరికా స్వర్గమని చెప్పడానికి ఇది రాయడం లేదు. 1935లో అక్కడ సామాజిక భద్రతా చట్టం వచ్చినప్పుడు పొలం కూలీలను, ఇంటిపని వాళ్ళను బయట పెట్టారు. ఆ రెండు పనుల్లోనే నల్లజాతివాళ్ళు ఎక్కువ. ఎక్కడైనా అంతే. చట్టం తలుపు ఎక్కడ మూసుకుంటుందో చూస్తే అక్కడ ఎవరు నిలబడి ఉన్నారో తెలుస్తుంది. మన దేశంలోనూ ఇఎస్ఐ పదిమంది పనిచేసే చోటుతో మొదలవుతుంది. పొలం కూలీ, పాచిపని చేసే ఆడమనిషి దాని బయటే. వాళ్ళెవరో ఈ పత్రిక చదివేవాళ్ళకు చెప్పక్కర్లేదు. 2021లో వచ్చిన ఇ-శ్రమ్ కార్డు పట్టుకుని ఇఎస్ఐ వచ్చిందనుకునేవాళ్ళున్నారు. అది పేరు నమోదు మాత్రమే. దాంతో ఇఎస్ఐ ఆసుపత్రిలో మందు రాదు.

ఇప్పుడు కొత్త చట్టాల సంగతి. 2025 నవంబరు 21 నుంచి కేంద్రం నాలుగు లేబరు కోడ్‌లు అమల్లోకి తెచ్చింది. ఇఎస్ఐ చట్టం, పిఎఫ్ చట్టం, కాంట్రాక్టు కూలీల చట్టం, 1996 భవన నిర్మాణ కార్మికుల చట్టం అన్నీ వాటిలో కలిసిపోయాయి. వీటిని కార్మిక సంఘాలు వ్యతిరేకించాయి. వ్యతిరేకించాల్సిన కారణాలున్నాయి. కేంద్ర చట్టంలో 20 మంది కూలీలున్న కాంట్రాక్టరు లెక్కలోకి వచ్చేవాడు. ఇప్పుడు 50 మంది ఉంటే గాని రాడు. నలభై మందిని పెట్టుకుని వార్డుకొక కాంట్రాక్టరు పుట్టుకొస్తే అడిగేదెవరు? రిజిస్టర్లు కంప్యూటర్లో పెట్టుకోవచ్చన్నారు. కరణం పుస్తకం కనీసం కంటికి కనపడేది. కంప్యూటరు తాళం ఎవరి దగ్గరుందో అది కూడా తెలీదు.

కానీ ఆ కోడ్‌లలోనే మన చేతికి దొరికే కర్రలు కూడా ఉన్నాయి. వాటిని వదులుకోవడం తెలివితక్కువ. ప్రతి కార్మికుడికి నియామక పత్రం రాతలో ఇవ్వాలి. జీతం చీటీ ఇవ్వాలి. 40 ఏళ్ళు దాటినవాళ్ళకు ఏటా ఉచితంగా ఆరోగ్య పరీక్ష చేయించాలి. కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే పని ఇచ్చిన అసలు యజమాని కట్టాలి. ఇంకో ముఖ్యమైన సంగతి వేతనాల కోడ్‌లో ఉంది. "నాకు కూలి రాలేదు, తక్కువ ఇచ్చారు, అక్రమంగా కోశారు" అని కార్మికుడు దావా వేస్తే, ఇచ్చానని రుజువు చేసే భారం యజమానిదే. కాగితం చూపించాల్సింది వాడు. చూపించలేకపోతే తప్పు వాడిది. ఇన్నాళ్ళూ కాగితం లేదని మనం తల దించుకున్నాం. ఇక కాగితం లేదని వాడు తల దించుకోవాలి.

అట్లాగే యజమాని పేరు నమోదు చెయ్యకపోయినా, చందా కట్టకపోయినా, కార్మికుడికి రావాల్సింది ఇచ్చి యజమాని దగ్గర వసూలు చేసుకునే అధికారం ఇఎస్ఐ కార్పొరేషనుకు పాత చట్టంలో ఉంది, కొత్త కోడ్‌లోనూ ఉంది. "కంప్యూటర్లో పేరు లేదు" అన్నది చివరి మాట కాదు. అది కేసు మొదలయ్యే చోటు. "మా మనిషి కాదు" అన్న ఆఫీసరు మాట కూడా చట్టం ముందు నిలవదు. పని మునిసిపాలిటీది, వీధి మునిసిపాలిటీది, బిల్లు మునిసిపాలిటీది. మనిషి మాత్రం ఎవరివాడూ కాదా?

మురుగు గుంటల్లో దిగి చనిపోయినవాళ్ళ విషయంలో కూడా కాగితమే అడ్డం పడింది. 2013లో పాకీపని నిషేధ చట్టం వచ్చింది. 1993 నుంచి మురుగు కాలువల్లో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికీ 10 లక్షలు ఇవ్వాలని 2014 మార్చి 27న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు వేసింది సఫాయి కర్మచారి ఆందోళన్. 2023 అక్టోబరు 20 తీర్పులో సుప్రీంకోర్టు ఆ మొత్తాన్ని 30 లక్షలు చేసింది. తీర్పు గొప్పదే. కానీ చనిపోయినవాడు ఎవరి పని మీద దిగాడో చెప్పే కాగితం లేక ఆగిపోయిన ఇళ్ళున్నాయి. ఇంటి యజమాని "నేను దిగమనలేదు" అంటాడు. కాంట్రాక్టరు "వాడు నావాడు కాడు" అంటాడు. గుంటలో చచ్చిన మనిషి తనంతట తాను సరదాకి దిగినట్టు ఎఫ్ఐఆర్ రాస్తారు.

మరి మనం ఏం చెయ్యాలి? ప్రతి వాడలో, ప్రతి సంఘంలో ఈ నెల నుంచే మొదలుపెట్టదగిన పనులు కొన్ని చెబుతున్నాం.

ఒకటి, ఇంటికో సంచీ. ఆధార్, బ్యాంకు పుస్తకం, నియామక పత్రం, గుర్తింపు కార్డు, జీతం చీటీలు, ఇఎస్ఐ కార్డు, పిఎఫ్ నంబరు, అన్నీ ఒకే సంచీలో. దాని నకళ్ళు సంఘం ఆఫీసులో. ఇల్లు కాలినా, వాన కురిసినా ఒక జత మిగలాలి.

రెండు, ఇఎస్ఐ కార్డులో కుటుంబం పేర్లు. భార్య, పిల్లలు, ఆధారపడ్డ అమ్మానాన్నలు. చాలామంది కార్డుల్లో కార్మికుడి పేరు ఒక్కటే ఉంటుంది. రేపు బిడ్డకు జ్వరమొస్తే ఆసుపత్రి గుమ్మం దగ్గర ఆపేస్తారు. పిఎఫ్‌లో నామినీ రాయించండి. ఆడవాళ్ళ పేర్లు మరిచిపోవద్దు.

మూడు, నోటు పుస్తకం. చదువుకున్న పిల్ల ఇంట్లో ఉంటే రోజూ సాయంత్రం తేదీ, ఏ వీధి, ఎన్ని గంటలు, సూపర్‌వైజరు ఎవరు అని రాయించండి. ఇది చిన్న సంగతి కాదు. మస్టరుకు ఎదురుగా మన మస్టరు ఉండాలి. వాడు 12 రోజులంటే మనం 26 రోజులని తేదీలతో సహా చూపించాలి.

నాలుగు, ప్రతి మూడు నెలలకు పరీక్ష. పిఎఫ్ పాసుబుక్కు, ఇఎస్ఐ చందా రెండూ ఫోన్లోనే చూసుకోవచ్చు. చూడటం వచ్చిన పిల్లలు ప్రతి వాడలో ఉన్నారు. ఆదివారం పూట అంబేద్కర్ సంఘం అరుగు మీద కూచుని అందరివీ చూసి పెట్టండి. ఒక నెల చందా మరుసటి నెల 15వ తేదీలోగా కట్టాలి. మూడు నెలలు కట్టనివాడు మూడేళ్ళు కట్టడు.

అయిదు, సమాచార హక్కు. 2005 చట్టం కింద మునిసిపాలిటీని అడగండి. కాంట్రాక్టు ఒప్పందం, ఎంతమందికి బిల్లు పెట్టారు, చలానాలు, పేర్ల జాబితాలు. 30 రోజుల్లో ఇవ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్ళకు ఫీజు లేదు. ఒక్కడి పేరుతో అడిగితే వాడి పని తీసేస్తారు. సంఘంలో పని చేయని మనిషి పేరుతో అడగండి.

ఆరు, తాపీ పనికి, సెంట్రింగుకి పోయే అన్నలు నిర్మాణ కార్మికుల బోర్డులో పేరు రాయించుకోండి. ఏడాదిలో 90 రోజులు పని చేసిన రుజువు కావాలి. ఆ బోర్డు డబ్బు ఎవరి దానమూ కాదు, కట్టే ప్రతి పెద్ద భవనం మీద వసూలు చేసే సెస్సు.

ఏడు, భాష. నియామక పత్రం, జీతం చీటీ తెలుగులో కావాలని అడగండి. చదవలేని కాగితం మీద వేలిముద్ర వేయడం మన తాతలతోనే ఆగిపోవాలి. వేలిముద్ర యంత్రం మీద వేసినా అంతే. దేనికోసం వేస్తున్నామో తెలియాలి, వేసినట్టు మనకొక చీటీ రావాలి.

ఇందులో ఒక చిక్కు ఉందని దాచిపెట్టం. కాగితం మీద పేరు ఎక్కడం వల్ల నష్టపోయినవాళ్ళు కూడా ఉన్నారు. 2020లో ఆంధ్రప్రదేశ్‌లో దళారులు లేకుండా చేస్తామని అవుట్‌సోర్సింగ్ కార్పొరేషను పెట్టి మునిసిపల్ కార్మికులను దాని కిందకి తెచ్చారు. జీతం నేరుగా బ్యాంకులో పడింది, మంచిదే. కానీ "మీరు ప్రభుత్వ ఉద్యోగులు" అని కంప్యూటరు చెప్పడంతో సంక్షేమ పథకాలు ఆగిపోయాయని కార్మికులు గోలపెట్టారు. పర్మినెంటు చెయ్యమని అడిగినప్పుడు ఉద్యోగులు కారు, పథకం అడిగినప్పుడు ఉద్యోగులు! అలాగే ఇఎస్ఐకి నెలకు 21 వేల హద్దు 2017 నుంచి ఉంది. పోరాడి జీతం పెంచుకుంటే ఆసుపత్రి తలుపు మూసుకునే పరిస్థితి. కాబట్టి కాగితం ఒక్కటే విముక్తి కాదు. కాగితంలో ఏం రాస్తున్నారో చూసే సంఘం కావాలి. సంఘం లేని కాగితం చిత్తుకాగితం. కాగితం లేని సంఘం ఆఫీసు గుమ్మం దగ్గర ఆగిపోతుంది.

ఇక మొదట చెప్పిన తమ్ముడి సంగతి. కేసు నడుస్తోంది. ఇప్పుడు మన చేతిలో మూడు వస్తువులున్నాయి. ఒకటి బ్యాంకు పాసుబుక్కు. పదకొండేళ్ళలో కొన్ని నెలలు జీతం కాంట్రాక్టరు ఖాతా నుంచి పడ్డట్టు అందులో ఉంది. రెండోది ఏప్రిల్ 14న చెత్తబండి కడిగి, పూలు కట్టి, సూపర్‌వైజరుతో సహా అందరూ నిలబడి తీసుకున్న ఫోటో. మూడోది వాళ్ళ పెద్దమ్మాయి లెక్కల నోటు పుస్తకం. ఏడో తరగతి పిల్ల. వెనక పేజీల్లో "నాన్న డ్యూటీ" అని రాసి, తేదీలు వేసి, పక్కన టిక్కులు పెట్టింది. నాన్న ఏ రోజు సెలవు తీసుకుంటాడో, ఏ రోజు తనని బడికి దింపుతాడో చూసుకోడానికి రాసుకున్న లెక్క అది. పద్నాలుగు నెలల లెక్క. మునిసిపాలిటీ దగ్గర లేని మస్టరు, కాంట్రాక్టరు దగ్గర లేని మస్టరు, ఆ పిల్ల దగ్గర ఉంది.

ఆ పుస్తకం నకలు ఇప్పుడు దరఖాస్తుతో పాటు ఫైల్లో ఉంది. ఆఫీసరు దాన్ని తిరగేసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తీసుకున్నట్టు రసీదు రాసి ఇచ్చాడు. ఆ రసీదు కూడా సంచీలో పెట్టాం.

అన్నలారా, అక్కలారా! ఆ పిల్ల తెలియక చేసిన పని మనం తెలిసి చేద్దాం. ప్రతి వాడలో మన మస్టరు మనం రాద్దాం. వచ్చే సంచికలోగా మీ ఊళ్ళో ఎంతమంది దగ్గర నియామక పత్రం ఉందో, ఎంతమంది దగ్గర లేదో లెక్క తీసి పత్రికకు రాయండి. పేర్లు మేం వేయం. లెక్క వేస్తాం. ఆ లెక్క పట్టుకునే లేబరు ఆఫీసుకి పోదాం.

జై భీమ్.